పాత బి-హారర్ ట్రైలర్లు: ఏ కాలానివి ఎంచుకోవాలి, ఏ రూపంలో చూడాలి

1950ల నుంచి 1970ల దాకా అమెరికాలో వచ్చిన చవక హారర్ సినిమాల్లో చాలావాటిని చివరిదాకా కూర్చుని చూడటం కష్టం. వాటి ట్రైలర్లు అలా కాదు. ఒకటి చూస్తే వెంటనే ఇంకోటి పెట్టబుద్ధవుతుంది. డెబ్బై ఎనభై నిమిషాల సినిమాలో పనికొచ్చేవి రెండు మూడు నిమిషాలే ఉంటే, ఆ కాస్తా ఏరి ట్రైలర్‌లో పెట్టేవాళ్లు. అదొక కారణం. అసలు కారణం డబ్బు లేకపోవడం. పేరున్న నటుడు ఉండడు, గొప్ప సెట్ ఉండదు, రాక్షసిని కాస్త ఎక్కువసేపు చూపిస్తే రబ్బరని తెలిసిపోతుంది. ట్రైలర్ కట్ చేసేవాడి చేతిలో మిగిలేవి ఒక గంభీరమైన గొంతు, తెరమీదకు దూకే పెద్ద అక్షరాలు, రెడీమేడ్ సంగీత భండారంలోంచి తెచ్చిన ముక్క, ఒక కేక. వీటితోనే జనాన్ని టికెట్ కౌంటర్ దాకా రప్పించాలి. ఆ ఇరుకులోంచి వచ్చిన నేర్పే ఈ ట్రైలర్ల బలం.

అందుకే వీటిని సినిమా మంచిచెడ్డలను బట్టి ఎంచుకుంటే దెబ్బతింటాం. ట్రైలర్ ఏం అమ్ముతోంది, ఎక్కడ కూర్చున్నవాళ్లకు అమ్ముతోంది అన్నది చూసుకుంటే ఎంపిక తేలికవుతుంది.

నేపథ్యం కొంచెం తెలిస్తే చాలు. ఒకే టికెట్‌పై రెండు సినిమాలు వేసే డబుల్ బిల్లులో తక్కువ ఖర్చుతో తీసిన రెండో సినిమాను బి-సినిమా అనేవారు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారామౌంట్ కేసు తీర్పుతో పెద్ద స్టూడియోలు తమ థియేటర్లను వదులుకోవాల్సి వచ్చింది, సినిమాలను గంపగుత్తగా అంటగట్టే పద్ధతీ పోయింది. స్టూడియోలు బి-సినిమాలు తగ్గించుకున్నాయి. ఆ ఖాళీలోకి చిన్న కంపెనీలు దిగాయి. కార్లోనే కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్‌లు 1958 నాటికి దేశంలో నాలుగు వేలు దాటాయి. అక్కడికి వచ్చేవాళ్లలో కుర్రకారు ఎక్కువ. ఈ ట్రైలర్లు మాట్లాడేది ముఖ్యంగా వాళ్లతోనే.

1950ల రాక్షసులు

చాలామంది మొదలుపెట్టేది వీటితోనే. 'క్రీచర్ ఫ్రం ది బ్లాక్ లగూన్' (1954), 'ఐ వాజ్ ఎ టీనేజ్ వేర్‌వుల్ఫ్' (1957), 'ది బ్లాబ్' (1958), 'అటాక్ ఆఫ్ ది 50 ఫుట్ వుమన్' (1958) ఈ కోవలోవి. రంగుల్లో వచ్చిన 'ది బ్లాబ్' తప్ప అన్నీ నలుపు తెలుపు చిత్రాలు, వణికే అక్షరాలు, 'చూడండి! చూడండి!' అని హుకుం జారీచేసే గొంతు. జేమ్స్ నికల్సన్, శామ్యూల్ ఆర్కాఫ్ నడిపిన అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వాళ్లయితే ముందు పేరు, పోస్టర్ సిద్ధం చేసుకుని, థియేటర్ల వాళ్లు మొగ్గు చూపితే అప్పుడు కథ రాయించేవారు. ఆ కంపెనీ ట్రైలర్లలో వాగ్దానం అంత నిబ్బరంగా వినపడటానికి కారణం అదే. సినిమా పుట్టకముందే వాగ్దానం పుట్టింది.

వీటిలో లోపం ఒకటే, కానీ పెద్దది. నాలుగైదు వరసగా చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. అప్పటి ట్రైలర్లలో చాలా భాగం 1920లో మొదలైన నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే ఒకే సంస్థ తయారుచేసి థియేటర్లకు అద్దెకిచ్చేది. అక్షరాల తీరు, తుడుచుకుపోయే ట్రాన్సిషన్లు, అచ్చుగుద్దినట్టుండే వాక్యాలు ఒకదాన్నుంచి ఇంకోదానికి వస్తూనే ఉంటాయి. రాక్షసిని మొదటి అరనిమిషంలోనే పూర్తిగా చూపించేసే ట్రైలర్‌ను పక్కన పెట్టండి. నీడ, చెయ్యి, అరుస్తున్న మొహం చూపించి రాక్షసిని దాచేదాన్ని తీసుకోండి. వరసగా చూడటానికి పేర్చుకునే ఒక కూర్పులో ఈ రకానివి మూడు చాలు.

విలియం కాసిల్: ముందు చూడాల్సినవి

ఒకే రకాన్ని ఎంచుకోమంటే మా ఓటు 1958 నుంచి 1961 వరకు దర్శక నిర్మాత విలియం కాసిల్ తీసిన సినిమాల ట్రైలర్లకే. కాసిల్ సినిమాతో పాటు థియేటర్లో జరిగే ఒక సంఘటననూ అమ్మాడు. 'మకాబ్ర' (1958) చూస్తూ ఎవరైనా భయంతో చనిపోతే వెయ్యి డాలర్లు ఇస్తామని లాయిడ్స్ ఆఫ్ లండన్ బీమా పెట్టాడు. 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్' (1959)కి జతగా ఒక తమాషా కల్పించి, దానికి 'ఎమర్గో' అని పేరుపెట్టి, సినిమాలో ఒక ఘట్టం రాగానే ప్రేక్షకుల తలల మీదుగా తీగపై అస్థిపంజరాన్ని నడిపించాడు. విఠలాచార్య సినిమాల్లో అస్థిపంజరాలను చూసి భయపడుతూనే ఈలలు వేసిన మన ప్రేక్షకులకు ఆ హాలు ఎలా ఉండేదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

అదే ఏడాది వచ్చిన 'ది టింగ్లర్'లో భయపడినప్పుడు మనిషి వెన్నెముక మీద ఒక పురుగు పెరుగుతుంది, అరిస్తే దాని బలం పోతుంది. కొన్ని సీట్ల కింద చిన్న మోటార్లు బిగించి సరైన సమయానికి అదిరేలా చేసి, దానికి 'పర్సెప్టో' అని పేరు పెట్టాడు. '13 ఘోస్ట్స్' (1960)కి ఎరుపు, నీలం కాగితాలు అమర్చిన అట్టముక్క ఇచ్చారు. ఎరుపులోంచి చూస్తే దయ్యాలు కనపడతాయి, నీలంలోంచి చూస్తే మాయమవుతాయి. 'హోమిసైడల్' (1961)లో క్లైమాక్స్ ముందు తెరమీద 45 సెకన్ల గడియారం నడుస్తుంది. భయపడ్డవాళ్లు ఆలోపు బయటికి వెళ్లి డబ్బు వాపసు తీసుకోవచ్చు. అయితే లాబీలో 'పిరికివాళ్ల మూల' అని రాసిపెట్టిన చోట నిలబడి తీసుకోవాలి.

ఇవాళ ఇంట్లో 'ది టింగ్లర్' పెట్టుకుంటే సీటు అదరదు. 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్'లో తలమీదుగా ఏదీ రాదు. అంటే సినిమాలో సగం ప్రదర్శన ఆ హాళ్లతోనే పోయింది. ట్రైలర్‌కు ఆ నష్టం లేదు. దాని పని ఆ సంఘటన గురించి ఊరించడం వరకే, ఆ ఊరింపు ఇప్పటికీ పూర్తిగా పనిచేస్తుంది. కాసిల్ విషయంలో సినిమాకన్నా ట్రైలరే చెక్కుచెదరకుండా మిగిలింది. పైగా వీటిలో రక్తపాతం దాదాపు ఉండదు. పదేళ్లు దాటిన పిల్లలతో కలిసి చూడటానికి ఈ నాలుగు రకాల్లో ఇదే నిశ్చింతగా ఉంటుంది.

పో కథలు, హామర్ కోటలు

అమెరికన్ దర్శకుడు రోజర్ కోర్మన్ 'హౌస్ ఆఫ్ అషర్' (1960)తో మొదలుపెట్టిన, రచయిత ఎడ్గార్ అలన్ పో కథల వరస, ఇంగ్లండ్‌లో హామర్ సంస్థ 'ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్' (1957), 'డ్రాక్యులా' (1958)లతో మొదలుపెట్టిన వరస ఈ రకంలోకి వస్తాయి. రంగులు, పొగమంచు, కొవ్వొత్తులు, పో సినిమాల్లో నటుడు విన్సెంట్ ప్రైస్ గొంతు. ఇవి తొందరపెట్టవు. మంచి కాపీ దొరికితే అన్నిటికన్నా అందమైనవి ఇవే.

ఇబ్బంది అంతా కాపీతోనే. కోర్మన్ పో సినిమాలు 2.35:1 వెడల్పు తెరకు తీసినవి. పాత టీవీ, వీడియోటేపు కాపీల్లో వాటిని 4:3 చట్రంలోకి కోసేశారు. ఆ కోతలో బొమ్మలో 43 శాతం పోతుంది. మిగిలిన ముక్కలో ఒక మొహం, ఒక తెర తప్ప ఏమీ ఉండదు, చూసేవాడికి ఇది నత్తనడక నడిచే ట్రైలర్ అనిపిస్తుంది. నిజానికి ఖాళీ హాల్లో ఒంటరిగా నిలబడ్డ మనిషిని చూపించడమే ఆ షాట్ ఉద్దేశం. అందుకని పైనా కిందా నల్ల పట్టీలతో పూర్తి వెడల్పు ఉన్న కాపీ దొరికితేనే వీటి జోలికి వెళ్లండి. ఫోన్‌లో చూసే పనైతే ఈ రకాన్ని వదిలేయండి.

1970ల డ్రైవ్-ఇన్, గ్రైండ్‌హౌస్

గ్రైండ్‌హౌస్ అంటే ఇలాంటి చవక సినిమాలను ఎడతెగకుండా ఆడించే నగర థియేటర్. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు ఎక్కువసేపు గడపాల్సింది ఇక్కడ. ముందే ఒక హెచ్చరిక: వీటిలో హింస నిజంగానే ఎక్కువ, స్త్రీల మీద హింసను సరుకుగా చూపేవి కూడా ఉన్నాయి. పిల్లలున్న గదిలో వద్దు. అమెరికాలో వయసు రేటింగ్ పద్ధతి 1968 నవంబరు 1న మొదలైంది. ఆ తర్వాతి ట్రైలర్ల ముందు వచ్చే రంగు పలకను గమనించండి. ఆకుపచ్చది అందరికీ, ఎర్రది పెద్దలకు. పలక కోసేసిన కాపీలు చాలా తిరుగుతుంటాయి కాబట్టి, పలక లేనంత మాత్రాన అందరూ చూడదగ్గదని అనుకోవద్దు.

'ది లాస్ట్ హౌస్ ఆన్ ది లెఫ్ట్' (1972) ప్రచారమంతా 'ఇది సినిమా మాత్రమే' అని పదేపదే అనుకోండి, లేకపోతే స్పృహ తప్పుతారు అనే మాట మీద నడిచింది. ఆ మాట కొత్తది కాదు, కాసిల్ 'స్ట్రెయిట్-జాకెట్' (1964)కి ముందే వాడేశాడు. ఈ వ్యాపారంలో పనిచేసిన మాటను ఎవరూ పారేయరు. పనికిరాని సినిమానూ పారేయరు. డెల్ టెనీ 1964లో నలుపు తెలుపులో తీసి అమ్ముడుపోక మూలపడ్డ సినిమాకు పంపిణీదారు జెర్రీ గ్రాస్ 'ఐ ఈట్ యువర్ స్కిన్' అని కొత్త పేరు పెట్టి, 'ఐ డ్రింక్ యువర్ బ్లడ్' అనే కొత్త రంగుల సినిమాకు జతచేసి 1971లో విడుదల చేశాడు. ఆ జంట ట్రైలర్ చూడండి: రెండు పేర్లనూ ప్రాసలా లయగా వాడుకుని, రెండు సినిమాల మధ్య తేడా మనకు తట్టే వ్యవధి ఇవ్వకుండా నడుస్తుంది. కట్ వేగం ఎందుకు అవసరమవుతుందో ఇంతకన్నా బాగా చెప్పే పాఠం లేదు.

కోర్మన్ 1970లో పెట్టిన న్యూ వరల్డ్ పిక్చర్స్‌లో ట్రైలర్లు కట్ చేసింది జో డాంటే, అలన్ ఆర్కుష్. వాళ్లిద్దరూ తర్వాత దర్శకులయ్యారు. ట్రైలర్ చప్పగా ఉంటే వేరే సినిమాలో పేలిపోయిన హెలికాప్టర్ షాట్‌ను తెచ్చి అతికించేవారని ప్రతీతి. న్యూ వరల్డ్ ట్రైలర్‌ను మొదటిసారి శబ్దంతో, రెండోసారి శబ్దం తీసేసి చూడండి. కట్లన్నీ గొంతు విరామాల మీద పడుతున్నాయని బయటపడుతుంది. ముందు వ్యాఖ్యానం, ఆ కొలతకు తగ్గట్టు బొమ్మ. సొంతంగా ప్రోమోలు కట్ చేసేవాళ్లు ఈ వరస పాటిస్తే సగం తంటా తప్పుతుంది.

ఇటాలియన్ సినిమాలకు అమెరికాలో కట్ చేసిన ట్రైలర్లు ఇంకో మెట్టు పైన ఉంటాయి. 'సుస్పీరియా' (1977) అమెరికా ట్రైలర్‌లో వెనక్కి తిరిగి జుట్టు దువ్వుకునే స్త్రీ సినిమాలో ఎక్కడా లేదు, ట్రైలర్ కోసమే తీశారు. ఇటాలియన్ సినిమాలతో జాగ్రత్తపడాల్సింది పేర్ల దగ్గర. మారియో బావా 1971లో తీసిన 'ఎ బే ఆఫ్ బ్లడ్' ఒక్కటే 'ట్విచ్ ఆఫ్ ది డెత్ నర్వ్', 'కార్నేజ్', చివరికి ఏ సంబంధమూ లేకుండా 'లాస్ట్ హౌస్ ఆన్ ది లెఫ్ట్ పార్ట్ 2' అనే పేర్లతోనూ తిరిగింది. పేర్లు చూసి జాబితా వేస్తే ఒకే సినిమా మూడుసార్లు పడుతుంది. దర్శకుడు, సంవత్సరం రాసుకుని సరిచూడండి.

మన దగ్గర ఈ వ్యాపారానికి దగ్గరగా నిలిచేది హిందీలో చవక హారర్ సినిమాలు తీసిన రామ్సే సోదరుల పని: 'దో గజ్ జమీన్ కే నీచే' (1972), 'పురానా మందిర్' (1984), 'వీరానా' (1988). అమెరికన్ కూర్పు పక్కన ఒకటి పెడితే పోలిక బాగా తెలుస్తుంది. థియేటర్ ట్రైలర్ అయితే మొదట్లో సాధారణంగా సెన్సార్ సర్టిఫికెట్ ఉంటుంది. అది లేకపోతే తర్వాత వీడియో కోసం కట్ చేసిన ప్రోమో కావచ్చు.

2007 నాటి 'గ్రైండ్‌హౌస్' సినిమాలోని ఉత్తుత్తి ట్రైలర్లను మాత్రం మొదట చూడొద్దు. అవి బాగుంటాయి, 'మాచెటే' 2010లో, 'థాంక్స్‌గివింగ్' 2023లో నిజం సినిమాలు కూడా అయ్యాయి. కానీ వాటిలోని గీతలు, మచ్చలు కావాలని పెట్టినవి, జోరు మొత్తం ఏరి తీసుకున్న మేలి భాగాలదే. అవి చూశాక అసలువి చూస్తే నెమ్మదిగా అనిపిస్తాయి. అసలువి ముప్పై చూశాక ఇవి పెట్టుకోండి, ఏది ఎక్కడినుంచి తీసుకున్నారో తెలిసి రెట్టింపు ఆనందం వస్తుంది.

ఆన్‌లైనా, డిస్కా, ఫిల్మా

ఎక్కువమందికి ఆన్‌లైన్ కాపీలే చాలు, ఖర్చు లేదు. కాకపోతే మూడు లోపాలు పట్టుకోవడం తెలియాలి. మొహాలు బొద్దుగా కనపడితే 4:3 బొమ్మను 16:9కి సాగదీశారని అర్థం. ప్లేయర్లో యాస్పెక్ట్ రేషియోను 4:3కి మార్చితే సరిపోతుంది. కదలికల అంచుల్లో అడ్డగీతలు కనపడితే అది ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పాత టీవీ పద్ధతి) వీడియో: సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మును 30కి దగ్గరగా సాగదీయడానికి ప్రతి ఐదు ఫ్రేముల్లో రెండింటిని కలగలిపారు. మామూలు డీఇంటర్లేస్ ఫిల్టర్ వేస్తే గీతలు పోతాయి గానీ కదలిక కుదుపుతుంది. ఆ కలగలుపును విడదీసే ఇన్వర్స్ టెలిసినీ ఫిల్టర్ వేస్తే అసలు 24 ఫ్రేములు వెనక్కి వస్తాయి. మూడోది ఏఐతో పెద్దది చేసిన కాపీ. చర్మం మైనంలా నున్నబడుతుంది, తెరమీది అక్షరాల అంచులు వంకరపోతాయి. దీనికి మందు లేదు, వేరే కాపీ వెతకడమే.

డిస్కుల్లో మొదట కొనదగ్గది సినాప్స్ సంస్థ తెచ్చిన '42న్డ్ స్ట్రీట్ ఫరెవర్' వరస. ఫిల్మునుంచి నేరుగా తీసినవి కావడంతో ఫిల్ము మీది సన్నని రేణువులు (గ్రెయిన్), రంగు ఉన్నవున్నట్టు ఉంటాయి. దర్శకులే ఒక్కో ట్రైలర్ గురించి మాట్లాడే వివరణ కావాలంటే జో డాంటే 2007లో మొదలుపెట్టిన 'ట్రైలర్స్ ఫ్రం హెల్' చూడండి, ఆన్‌లైన్‌లోనే ఉంది. డిస్కు తెప్పించేముందు రీజియన్ చూసుకోండి. భారత్ డీవీడీ రీజియన్ 5, అమెరికా 1. బ్లూ-రేలో మనది సి, వాళ్లది ఎ. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకపోతే డిస్కు తెరుచుకోదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ బెడద లేదు, అక్కడినుంచి చుట్టాలతో తెప్పించుకునేవాళ్లకే ఉంది.

35ఎంఎం ట్రైలర్ రీళ్లు సేకరించాలనే కోరిక గొప్పదే, కానీ ప్రొజెక్టర్, దాన్ని నడిపే మనిషి అందుబాటులో ఉంటేనే. నిమిషానికి 90 అడుగుల లెక్కన రెండున్నర నిమిషాల ట్రైలర్ 225 అడుగులుంటుంది, అరచేతిలో పట్టే చుట్ట. కొనేముందు మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఫిల్ముకు ఆధారమైన అసిటేట్ పొర కుళ్లిపోతున్నట్టే. అది ఆగదు, పక్కనున్న రీళ్లకూ అంటిస్తుంది. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి, కాబట్టి విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఏసీ లేని గదిలో ఉంచడం అంటే పోగొట్టుకోవడమే. ఎంత పాడైందో కొలవడానికి ఏ-డి స్ట్రిప్స్ అనే నీలం కాగితాలు దొరుకుతాయి. డబ్బాలో పెడితే ఆమ్లాన్ని బట్టి ఆకుపచ్చ, తర్వాత పసుపు రంగుకు తిరుగుతాయి. 1980ల ముందటి ఈస్ట్‌మన్‌కలర్ ప్రింట్లలో నీలి-ఆకుపచ్చ (సయాన్) రంగు ముందు వెలిసిపోయి బొమ్మంతా గులాబీ ఎరుపుకు దిగుతుంది. టెక్నికలర్ డై-ట్రాన్స్‌ఫర్ ప్రింట్లు మాత్రం ఇప్పటికీ నిలబడ్డాయి. రంగుల కోసమే కొనేట్టయితే వాటికే డబ్బు పెట్టండి.

ఇంట్లో ఒక సాయంత్రానికి

నలభై నిమిషాలు దాటితే ఎంత ఇష్టమున్నవాళ్లకైనా చెవులు అలసిపోతాయి. రెండుంబావు నిమిషాల సగటున పదహారు ట్రైలర్లు, మధ్యలో ఆరు 30 సెకన్ల టీవీ స్పాట్లు, మొత్తం 39 నిమిషాలు. కాసిల్‌తో మొదలుపెట్టి, రాక్షసులు మూడు, పో కథలు రెండు, ఆపైన పెద్దవాళ్లే ఉంటే 1970లవి. నలుపు తెలుపువి ముందు, రంగులవి తర్వాత వస్తే కళ్లకు బాగుంటుంది. తారుమారు చేస్తే నలుపు తెలుపువి వెలవెలబోతాయి.

శబ్దం దగ్గరే అందరూ దెబ్బతినేది. అన్నీ మోనో, ఒక్కోటి ఒక్కో స్థాయిలో ఉంటుంది. ఒకదాని గొంతు వినపడాలని పెంచితే తర్వాతిదాని కేక ఇల్లు ఎగరగొడుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని లౌడ్‌నార్మ్ ఫిల్టర్‌తో అన్నిటినీ ఒకే స్థాయికి, మైనస్ 20 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రత కొలత) దగ్గరికి తెచ్చుకోండి. ఎడమ స్పీకర్లోనే పలికేవి ఉంటే రెండు చానళ్లకూ కాపీ చేయండి. బాస్ పెంచొద్దు, ఆ కాలపు ఆప్టికల్ సౌండ్‌లో అడుగున ఉండేది బురబుర మాత్రమే. టీవీలో కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ సెట్టింగ్ ఆపేయండి, లేకపోతే 1957 నాటి తోడేలు మనిషి నిన్నటి సీరియల్లో నటుడిలా కనపడతాడు. ట్రైలర్‌కీ ట్రైలర్‌కీ మధ్య ఒక సెకను నల్ల తెర వదలండి.

వీటిని మీ వీడియోలో వాడాలనుకుంటే ఒక సంగతి. 1989 మార్చి 1కి ముందు అమెరికాలో కాపీరైట్ ప్రకటన లేకుండా విడుదలైన వాటిలో చాలా భాగానికి అక్కడ హక్కులు పోయాయి, ట్రైలర్లలో అలాంటివి బోలెడు. అయినా అందులోని సంగీతానికో, సినిమాకో వేరే హక్కుదారు ఉండొచ్చు, యూట్యూబ్ ఆటోమేటిక్ క్లెయిమ్ పంపొచ్చు. విమర్శ, సమీక్ష కోసం చిన్న ముక్క వాడుకోవడానికి మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 వీలిస్తుంది. ముక్క పక్కన మీ మాట ఉండాలి, ట్రైలర్ మొత్తం ఎత్తి పెట్టేయకూడదు.

ట్రైలర్ల తర్వాత ఒక పూర్తి సినిమా కూడా వేద్దామంటే 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్' సరిపోతుంది. నిడివి 75 నిమిషాలే, అమెరికాలో కాపీరైట్ పునరుద్ధరించకపోవడంతో పబ్లిక్ డొమైన్‌లో ఉంది, మంచి కాపీలు ఉచితంగా దొరుకుతాయి. దాని ట్రైలర్‌ను మాత్రం ఆరోజు జాబితాలోంచి తీసేయండి.